నాళాన్ని కాదు, కండరాన్ని అడగాలి

గుండెజబ్బు గురించి మన ఇళ్లలో జరిగే మాటలు చాలావరకు ఒక అంకె దగ్గరికొచ్చి ఆగిపోతాయి. ‘రెండు బ్లాకులున్నాయట, ఒకటి 80 శాతమట’ అన్న మాట చెవిన పడగానే ఇక ఆలోచించడానికేమీ ఉండదు. స్టెంటు ఎక్కడ వేయించాలి, ఎంతవుతుంది, డబ్బు ఎలా సర్దాలి అన్న లెక్కలే మిగులుతాయి. ఆ అంకె యాంజియోగ్రామ్ నుంచి వస్తుంది. మణికట్టు దగ్గరో గజ్జ దగ్గరో ధమనిలోకి సన్నని గొట్టం పంపి, రంగుమందు వదిలి, ఎక్స్‌రే కింద గుండె రక్తనాళాల లోపలి ఆకారాన్ని చూస్తారు. నాళం ఎక్కడ ఎంత సన్నబడిందో ఆ పరీక్ష చక్కగా చూపిస్తుంది. కానీ నాళం ఉన్నది కండరానికి రక్తం చేర్చడానికి. ఆ కండరానికి రక్తం చాలుతోందా, చాలకపోతే ఎంత మేర చాలడం లేదు, ఏ సమయంలో చాలడం లేదు అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెతికే పరీక్షల్లో ఒకటి, దశాబ్దాలుగా వాడి చూసినది, న్యూక్లియర్ పెర్‌ఫ్యూజన్ స్కాన్. పాతవాళ్లు ఇప్పటికీ దీన్ని ‘థాలియం స్కాన్’ అనే పిలుస్తారు. కొంత దూరం నడిస్తే నొప్పి, ఆగితే ఉపశమనం అన్నట్టుగా నెలల తరబడి ఒకే తీరున నడుస్తున్న గుండెజబ్బులో, నాళాన్ని బాగుచేయాలా వద్దా అన్నది ఒక్క శాతాన్ని చూసి తేల్చకూడదు, కండరం సంగతి కూడా తెలుసుకునే తేల్చాలి. నా వాదన ఇదే.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. గుండెపోటు వచ్చిన మనిషికి ఈ వ్యాసంలోని మాటలేవీ వర్తించవు. ఛాతీలో ఉన్నట్టుండి బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోవడం కనిపిస్తే స్కాన్‌ల కోసం ఎదురుచూడకూడదు. ఈసీజీ తీసి, నాళం పూర్తిగా మూసుకుపోయిందని తేలితే వెంటనే తెరవాలి. అక్కడ స్టెంటు ప్రాణం నిలిపే చికిత్స, ఆలస్యమైన ప్రతి నిమిషం కొంత కండరాన్ని చంపుతుంది. ఇప్పుడు మాట్లాడుకుంటున్నది ఆలోచించుకోవడానికి సమయం ఉన్న రోగుల గురించి మాత్రమే.

శాతం ఎందుకు చాలదో అర్థం కావాలంటే గుండెకు రక్తం అందే తీరు కొంచెం తెలియాలి. గోదావరి డెల్టాలో ఒక కాలువ ఎక్కడో పూడి సన్నబడిందనుకుందాం. పొలాలకు పెద్దగా నీటి అవసరం లేని రోజుల్లో శివారు ఆయకట్టుకు కూడా నీరందుతూనే ఉంటుంది. నాట్ల రోజుల్లో అందరూ ఒక్కసారి తూములెత్తినప్పుడే చివరి పొలాలకు కరువు తెలుస్తుంది. పూడిక దగ్గర నిలబడి కాలువ వెడల్పు కొలిచినవాడు శివారు రైతు పొలం ఎండిందో లేదో చెప్పలేడు. గుండెలోనూ ఇంతే. అమెరికాలో లాన్స్ గూల్డ్ బృందం 1974లో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, నాళం వ్యాసం దాదాపు 85 శాతం తగ్గేదాకా విశ్రాంతిలో ఉన్న గుండెకు రక్తప్రవాహం తగ్గనే లేదు. సన్నబడిన చోటుకు దిగువనున్న చిన్న చిన్న నాళాలు తమంతట తామే వెడల్పయి లోటును పూడ్చుకున్నాయి. అయితే ఆ సర్దుబాటుకు ఒక హద్దుంది. పరుగెత్తినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఆరోగ్యంగా ఉన్న గుండె నాళాల్లో ప్రవాహం మూడు, నాలుగు రెట్లు పెరగగలదు. వ్యాసం సగానికి తగ్గేసరికే ఆ పెరిగే శక్తి సన్నగిల్లడం మొదలైంది. గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఏ చిత్రమైనా, ఎంత స్పష్టంగా ఉన్నా, ఈ కొరతను దాచిపెట్టగలదన్నమాట. దాన్ని బయటపెట్టాలంటే గుండెను శ్రమపెట్టి చూడాలి.

మనుషుల్లో దీనికి గట్టి రుజువు ‘ఫేమ్’ అనే అధ్యయనంలో దొరికింది. 2009లో వెలువడిన ఆ అధ్యయనంలో ఒకటికంటే ఎక్కువ నాళాల్లో అడ్డంకులున్న 1,005 మంది పాల్గొన్నారు. ఒక వర్గానికి యాంజియోగ్రామ్ చూసి స్టెంట్లు వేశారు. రెండో వర్గంలో పీడనం కొలిచే సన్నని తీగను నాళంలోకి పంపి, అడ్డంకికి ముందూ వెనకా ఒత్తిడి తేడా చూసి, నిజంగా ప్రవాహాన్ని తగ్గిస్తున్న చోట మాత్రమే స్టెంటు వేశారు. కొలిచి వేసిన వర్గంలో స్టెంట్లు తగ్గాయి, ఏడాది తర్వాత మరణాలు, గుండెపోట్లు, మళ్లీ చికిత్సలు అన్నీ కలిపి చూస్తే ఆ వర్గమే మెరుగ్గా ఉంది. ఆ సమాచారాన్నే మరింత లోతుగా పరిశీలించినప్పుడు తేలిన అంకెలు ఇంకా ఆలోచింపజేస్తాయి. కంటికి 50 నుంచి 70 శాతం అనిపించిన అడ్డంకుల్లో మూడింట ఒక వంతే నిజంగా ప్రవాహాన్ని తగ్గిస్తున్నాయి. 71 నుంచి 90 శాతం అనిపించినవాటిలో కూడా అయిదింట ఒకటి అసలు తగ్గించడం లేదు. ‘80 శాతం’ అనగానే కాళ్లు వణికే మనం ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకోవాలి. అడ్డంకి పొడవు, దాని ఆకారం, అది ఉన్న నాళం ఎంత కండరాన్ని పోషిస్తోంది, పక్క నాళాల నుంచి ఎంత సాయం అందుతోంది అన్నవి ఏవీ ఆ ఒక్క శాతంలో ఇమడవు.

పీడనం కొలిచే తీగ మంచిదే, కానీ అది గొట్టం లోపలికి వెళ్లాక చేసే పని. గొట్టం వెళ్లకముందే, రోగి బల్లమీదికి ఎక్కకముందే అదే ప్రశ్నను కండరాన్ని అడిగే మార్గం న్యూక్లియర్ స్కాన్. దాని వెనకున్న ఆలోచన దాదాపు వందేళ్ల నాటిది. బోస్టన్‌లో హెర్మన్ బ్లమ్‌గార్ట్ 1920లలో రేడాన్ నుంచి వచ్చే రేడియోధార్మిక పదార్థాన్ని రోగి ఒక చేతి సిరలోకి ఎక్కించి, అది రెండో చేతికి చేరడానికి ఎంతసేపు పట్టిందో కొలిచాడు. శరీరం లోపలి రక్తం కదలికను బయటి నుంచి కొలవడం అప్పుడే మొదలైంది. 1950ల చివర్లో బర్క్‌లీలో హాల్ యాంగర్ ఆ కిరణాలను చిత్రంగా మార్చే గామా కెమెరాను తయారుచేశాడు. 1970లలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల నుంచి థాలియం-201 వచ్చింది. గుండె కణాలు పొటాషియాన్ని లోపలికి లాక్కున్నట్టే థాలియాన్నీ లాక్కుంటాయి కాబట్టి, రక్తం ఎక్కడికి చేరితే అక్కడ అదీ చేరుతుంది. స్కాన్‌కు ఆ పేరు అలా వచ్చి స్థిరపడింది గానీ, ఇప్పుడు ఎక్కువచోట్ల వాడుతున్నది టెక్నీషియం-99ఎంతో తయారైన సెస్టామిబి లాంటి మందులు.

సెస్టామిబిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. సిరలోకి ఎక్కించిన కొద్ది నిమిషాల్లోనే అది గుండె కణాల్లోకి చేరి, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల్లో చిక్కుకుంటుంది. అక్కడి నుంచి తొందరగా కదలదు. రోగి ట్రెడ్‌మిల్ మీద బాగా ఆయాసపడుతున్న క్షణంలో మందు ఎక్కించి, ఆ తర్వాత అతను దిగి, కూర్చుని, నొప్పి పూర్తిగా తగ్గాక గంటకు కెమెరా కింద పడుకోబెట్టినా, కెమెరా చూపించేది ఆ ఆయాసపు క్షణంలో రక్తం ఎక్కడికి చేరిందో ఎక్కడికి చేరలేదో అన్న చిత్రాన్నే. గడిచిపోయిన క్షణాన్ని పట్టి ఉంచగలగడమే ఈ పరీక్ష బలం. ఎక్కించే పదార్థం పరిమాణం ఎంత తక్కువంటే, దానివల్ల గుండె పనితీరు ఏమాత్రం మారదు. యాంజియోగ్రామ్, సీటీల్లో వాడే రంగుమందులో అయోడిన్ ఉంటుంది, అది కొందరి మూత్రపిండాలకు ఇబ్బంది కలిగించవచ్చు. ఇందులో అది లేదు. షుగర్‌తో కిడ్నీలు దెబ్బతిన్న రోగులు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

నడవలేనివారికి గుండెను మందులతో శ్రమపెడతారు. మోకాళ్ల నొప్పులున్నవారు, పక్షవాతం వచ్చినవారు, ఊపిరి ఆడని పెద్దవయసువారు ట్రెడ్‌మిల్ మీద గుండెకు సరిపడా శ్రమ పెట్టలేరు. వారికి అడెనోసిన్, డైపిరిడమోల్, రెగాడెనోసన్ లాంటి మందులిచ్చి నాళాలను వెడల్పు చేస్తారు. బాగున్న నాళం దారిన ప్రవాహం బాగా పెరుగుతుంది, అడ్డంకి ఉన్న నాళం దారిన పెరగదు, ఆ తేడా చిత్రంలో కనబడుతుంది. కాఫీ, టీ, చాక్లెట్, కోలా పానీయాల్లోని కెఫీన్ ఈ మందులను పనిచేయనివ్వదు. అందుకే పరీక్షకు ముందు కనీసం 12 గంటలు, చాలాచోట్ల పూర్తిగా ఒక రోజు, అవేవీ తీసుకోవద్దంటారు. పొద్దున్నే టీ చుక్క లేనిదే కదలనివారు ‘కొంచెమే కదా’ అని తాగి వస్తే పరీక్ష తప్పుడు భరోసా ఇవ్వవచ్చు. ఆస్తమా ఉన్నవారు ముందే చెప్పాలి, అడెనోసిన్ వారికి ఊపిరి అందకుండా చేయగలదు, అలాంటివారికి డోబ్యుటమిన్ అనే మరో మందుంది. నొప్పికి వాడే బీటా బ్లాకర్ లాంటి మాత్రలు ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి గానీ సొంతంగా ఆపకూడదు.

చిత్రాలు రెండుసార్లు తీస్తారు. ఒకటి శ్రమ తర్వాత, ఒకటి విశ్రాంతిలో. శ్రమలో మందు చేరని చోటు విశ్రాంతిలో మళ్లీ నిండితే, అక్కడి కండరం బతికే ఉంది, కష్టం వచ్చినప్పుడే దానికి రక్తం చాలడం లేదని అర్థం. దీన్నే ఇస్కీమియా అంటారు. రెండింటిలోనూ ఖాళీగానే ఉంటే చాలావరకు అది పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ. మచ్చకు రక్తం చేర్చి లాభం లేదు. ఎడమ జఠరికను 17 భాగాలుగా విడగొట్టి, ఎన్ని భాగాల్లో ఎంత లోటుందో అంకెల్లో చెబుతారు. ఈసీజీతో జోడించి తీయడం వల్ల గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు ఎంత శాతం రక్తాన్ని నెట్టుతోందో కూడా అదే పరీక్షలో తేలుతుంది. రిపోర్టు చదివేవారు చూడాల్సింది కేవలం ‘పాజిటివ్’, ‘నెగెటివ్’ అన్న మాట కాదు. కండరంలో ఎంత భాగం, ఏ నాళం పోషించే ప్రాంతం, ఎంత శ్రమకు ఈ లోటు బయటపడింది అన్నవే అసలు సమాచారం. మంచి శ్రమ చేసిన తర్వాత కూడా స్కాన్ మామూలుగా ఉంటే, ఆ మనిషికి గుండెపోటో గుండెజబ్బుతో మరణమో వచ్చే అవకాశం సాధారణంగా ఏడాదికి ఒక శాతం కన్నా తక్కువని పెద్ద సంఖ్యలో రోగులను అనుసరించిన అధ్యయనాలు పదే పదే చూపాయి. షుగర్ ఉన్నవారిలో, వయసు పైబడినవారిలో ఆ అవకాశం కొంత ఎక్కువ, ఆ భరోసా గడువూ కొంత తక్కువ.

ఈ వాదనకు ఎదురయ్యే అన్నిటికన్నా బలమైన ప్రశ్న 2019 చివర్లో వచ్చింది. ‘ఇస్కీమియా’ అనే పేరుతోనే 37 దేశాల్లో, భారత్‌తో సహా, 5,179 మంది రోగులతో ఒక అధ్యయనం జరిగింది. స్కాన్ లాంటి పరీక్షల్లో మధ్యస్థం నుంచి తీవ్రం దాకా రక్తలోటు తేలినవారినే అందులో చేర్చుకున్నారు. సగం మందికి మంచి మందులతో పాటు యాంజియోగ్రామ్, అవసరమైతే స్టెంటు లేదా బైపాస్. మిగతా సగానికి మొదట మందులు మాత్రమే, అవి చాలకపోతేనే మిగతావి. సగటున మూడేళ్లకు పైగా చూశాక, మరణాలూ గుండెపోట్లూ వంటి ప్రధాన ఫలితాల్లో రెండు వర్గాలకూ తేడా లేదు. అంతకుముందు 2003లో 10,627 మంది రికార్డుల ఆధారంగా వచ్చిన ఒక పరిశీలన, కండరంలో పదో వంతుకు మించి లోటు ఉంటే నాళాలు బాగుచేసినవారే ఎక్కువ బతికారని చెప్పింది. యాదృచ్ఛికంగా వర్గాలుగా విడదీసి చేసిన కొత్త అధ్యయనంలో ఆ మాట నిలబడలేదు. అయితే ఇక స్కాన్ ఎందుకని కొందరు అడుగుతున్నారు. లోటున్నా లేకపోయినా స్టెంటు ఆయుష్షు పెంచకపోతే, లోటును వెతకడం దేనికి?

ఈ ప్రశ్నను దాటవేయకూడదు. ఆ అధ్యయనం కూల్చింది ‘లోటు కనబడితే చాలు, స్టెంటు వేసెయ్యాలి’ అన్న అలవాటును. నొప్పి నిలకడగా ఉన్నవారిలో తొందర అక్కర్లేదని, ఆస్పిరిన్, స్టాటిన్, బీపీ, షుగర్ మాత్రలు, పొగ మానడం ప్రాణరక్షణలో వెనకబడవని అది నిరూపించింది. ప్రధాన ఎడమ నాళం మొదట్లోనే తీవ్రంగా సన్నబడినవారిని, గుండె బాగా బలహీనపడినవారిని అందులో చేర్చుకోలేదన్నదీ గుర్తుంచుకోవాలి. వారి సంగతి వేరు. అదే అధ్యయనంలో ఛాతీనొప్పితో బాధపడుతున్నవారికి నాళాలు బాగుచేశాక ఉపశమనం ఎక్కువగా దొరికింది. కాబట్టి స్టెంటుకు నేడు మిగిలిన నిజాయితీ గల కారణం ప్రధానంగా నొప్పి తగ్గించడం. అలాంటప్పుడు ఈ నొప్పి నిజంగా ఈ నాళం వల్లే వస్తోందా అన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న అవుతుంది. గ్యాస్ నొప్పి, కండరాల నొప్పి, ఆందోళన, రక్తహీనత కూడా ఛాతీలో ఇబ్బంది కలిగిస్తాయి. 60 ఏళ్లు దాటినవారి నాళాల్లో ఎక్కడో ఒక అడ్డంకి యాంజియోగ్రామ్‌లో కనబడటం కూడా మామూలే. ఆ రెంటినీ ముడిపెట్టి స్టెంటు వేస్తే అడ్డంకి పోతుంది, నొప్పి మిగులుతుంది. ఆ ముడి నిజమో కాదో చెప్పగలిగేది కండరమే. శాతాన్ని చూసి వేసే స్టెంటుకు ‘ఇస్కీమియా’ అధ్యయనం నుంచి ఏ సమర్థనా దొరకదు, అక్కడ చేర్చుకున్నవారందరికీ ముందు లోటు ఉందని తేల్చారు, అయినా ఆయుష్షులో తేడా రాలేదు మరి.

రెండో అభ్యంతరం సీటీ యాంజియోగ్రామ్ సమర్థకుల నుంచి వస్తుంది, అందులోనూ బలముంది. చాలా గుండెపోట్లు నాళాన్ని సగం కూడా మూయని కొవ్వుగడ్డ పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. అలాంటి గడ్డ రక్తప్రవాహాన్ని తగ్గించదు కాబట్టి న్యూక్లియర్ స్కాన్‌కు కనబడదు. సీటీకి కనబడుతుంది. స్కాట్లండ్‌లో 4,146 మందితో జరిగిన ‘స్కాట్-హార్ట్’ అధ్యయనంలో, మామూలు పరీక్షలకు సీటీని జోడించినవారిలో అయిదేళ్లకు గుండెపోట్లు, గుండెజబ్బు మరణాలు 3.9 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గాయి. కొవ్వు కనబడినవారికి సకాలంలో మందులు మొదలుపెట్టడమే దీనికి ముఖ్య కారణమని అధ్యయనకర్తల అభిప్రాయం. అయితే ఉత్తర అమెరికాలో 10,003 మందితో జరిగిన ‘ప్రామిస్’ అధ్యయనంలో సీటీకీ, ఎక్కువగా న్యూక్లియర్ స్కాన్లే ఉన్న శ్రమ పరీక్షలకూ ఫలితాల్లో తేడా తేలలేదు. నాకు కనబడుతున్న సారం ఇది. వయసు తక్కువగా ఉండి, గుండెజబ్బు ఉందో లేదో అసలు తెలియని మనిషికి మొదట సీటీ మంచిది. నాళాల్లో సున్నం బాగా పేరుకున్నవారికి, ఇదివరకే స్టెంటో బైపాసో అయినవారికి, సీటీలో మధ్యస్థమైన అడ్డంకి కనబడి ఏం చేయాలో తేలనివారికి, రంగుమందు పడనివారికి న్యూక్లియర్ స్కాన్ మేలు. స్కాన్ మామూలుగా వచ్చిందంటే కండరానికి రక్తం చాలుతోందని అర్థం, నాళాల్లో కొవ్వు లేదని కాదు. కొలెస్ట్రాల్ మాత్ర మానేయడానికి అది అనుమతిపత్రం కాదు.

స్కాన్ తప్పులూ చేస్తుంది. మగవారిలో ఉదరవితానం, ఆడవారిలో రొమ్ము కొంత కిరణాన్ని అడ్డుకుని, లేని లోటును ఉన్నట్టు చూపుతాయి. బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీయడం ద్వారా, తక్కువ మోతాదు సీటీతో సరిదిద్దడం ద్వారా దీన్ని చాలావరకు తగ్గించవచ్చు, కానీ చదివే డాక్టరు అనుభవం మీద ఇక్కడ చాలా ఆధారపడి ఉంటుంది. అంతకన్నా ప్రమాదకరమైనది వ్యతిరేక దిశలోని పొరపాటు. మామూలు స్కాన్ కండరంలో ఒక చోటును మరో చోటుతో పోల్చి చూస్తుంది. గుండెకున్న మూడు ప్రధాన నాళాలూ సమానంగా దెబ్బతింటే కండరమంతటా ఒకేలా లోటు ఏర్పడి, చిత్రం నిక్షేపంగా కనబడవచ్చు. శ్రమ తర్వాత జఠరిక పెద్దదవడం, రక్తం నెట్టే శక్తి తగ్గడం, బీపీ పడిపోవడం వంటి గుర్తులు అలాంటప్పుడు అనుభవజ్ఞుడిని హెచ్చరిస్తాయి. పెట్ స్కాన్ ఈ లోపాన్ని చాలావరకు అధిగమిస్తుంది. రుబిడియం-82, అమ్మోనియా లాంటి పదార్థాలతో అది ప్రతి గ్రాము కండరానికి నిమిషానికి ఎంత రక్తం చేరుతోందో నేరుగా కొలుస్తుంది. పెద్ద నాళాలు శుభ్రంగా ఉన్నా చిన్న నాళాలు పనిచేయక నొప్పి పడేవారి బాధను ‘ఏమీ లేదు, టెన్షన్’ అని కొట్టిపారేయకుండా నిరూపించగల కొద్ది పరీక్షల్లో ఇదొకటి. అలా కొట్టిపారేయించుకున్నవారిలో ఎక్కువమంది ఆడవారే. కానీ రుబిడియం 76 సెకన్లకే సగమవుతుంది, అమ్మోనియా పది నిమిషాలకు. ఒకదానికి దాన్ని అక్కడికక్కడే ఇచ్చే ఖరీదైన జనరేటరు, రెండోదానికి పక్కనే దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఉండాలి. అందుకే మన దగ్గర పెట్ యంత్రాలు ఎక్కువగా క్యాన్సర్ పనికే పరిమితమయ్యాయి.

‘న్యూక్లియర్’ అన్న మాట వినగానే పుట్టే భయాన్ని తేలిగ్గా తీసేయడం తప్పు, దానికి లొంగిపోవడమూ తప్పే. టెక్నీషియంతో రెండుసార్లు తీసిన స్కాన్ వల్ల అందే రేడియేషన్ సుమారు 10 మిల్లీసీవర్ట్‌లు. ప్రపంచంలో సగటు మనిషికి నేల, ఆకాశం, తిండి నుంచి ఏడాదికి వచ్చేది దాదాపు 2.4. అంటే నాలుగేళ్ల సహజ రేడియేషన్ ఒక్కరోజులో అందినట్టు. ఈ మోతాదు వల్ల జీవితకాలంలో క్యాన్సర్ మరణం వచ్చే అదనపు అవకాశం 2,000లో ఒకటి ఉండవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లెక్క. నొప్పితో ఉన్న 60 ఏళ్ల మనిషికి సరైన నిర్ణయం దొరకడం ముందు ఇది చిన్నది. ఏ కారణమూ లేని 35 ఏళ్ల మనిషికి మాత్రం మోయనవసరం లేని భారం. మోతాదు తగ్గించే దారులూ ఉన్నాయి. ముందు శ్రమ స్కాన్ తీసి, అది మామూలుగా ఉంటే విశ్రాంతి స్కాన్ మానేయవచ్చు. కొత్త సీజడ్‌టీ కెమెరాలు తక్కువ మందుతో, కొద్ది నిమిషాల్లో చిత్రం తీస్తాయి. థాలియం మోతాదు బాగా ఎక్కువ కాబట్టి టెక్నీషియం దొరికే చోట థాలియాన్ని వాడకపోవడమే మంచిది. టెక్నీషియం ఆరు గంటలకు సగమవుతుంది, ఒక్కరోజు గడిచేసరికి పదహారో వంతే మిగులుతుంది. ఆ రోజు నీళ్లు బాగా తాగడం, పసిపిల్లలను, గర్భిణులను ఎక్కువసేపు దగ్గరకు రానివ్వకపోవడం చాలు. గర్భం ఉన్నవారు, పాలిచ్చే తల్లులు ముందుగానే చెప్పాలి.

ఈ పరీక్షను ఎక్కువగా వాడుకోవాలన్న నేనే, కొన్ని చోట్ల దీన్ని పూర్తిగా మానాలని కూడా అంటాను. ఏ లక్షణమూ లేనివారికి హెల్త్ చెకప్ ప్యాకేజీలో కలిపి చేయడం అందులో మొదటిది. షుగర్ ఉండి గుండె లక్షణాలేవీ లేని 1,123 మందితో జరిగిన ‘డయాడ్’ అధ్యయనం 2009లో ఫలితాలిచ్చింది. ముందే స్కాన్ చేసి చూసినవారికీ, చేయనివారికీ దాదాపు అయిదేళ్ల తర్వాత గుండెపోట్లు, గుండె మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెంటు వేసిన ఏడాదికి, రోగి బాగానే ఉన్నా, అలవాటుగా మళ్లీ శ్రమ పరీక్ష చేయడం రెండోది. దక్షిణ కొరియాలో 1,706 మంది మీద 2022లో వచ్చిన అధ్యయనంలో దానివల్లా లాభం కనబడలేదు. లక్షణం లేనిచోట స్కాన్ కొత్త భయాన్ని, భయం యాంజియోగ్రామ్‌ను, యాంజియోగ్రామ్ స్టెంటును పుట్టిస్తాయి. శాతం వెంటపడే అలవాటునే మరో దారిలో కొనసాగించినట్టు అవుతుంది.

మిగిలిన అభ్యంతరం అందుబాటు. టెక్నీషియం గనిలో దొరికేది కాదు. అణు రియాక్టర్‌లో మాలిబ్డినం-99 తయారుచేసి, దాన్ని నింపిన చిన్న జనరేటర్లను ఆసుపత్రులకు పంపితే, అక్కడ అది రోజూ టెక్నీషియంగా మారుతూ ఉంటుంది. మాలిబ్డినం 66 గంటలకు సగమవుతుంది కాబట్టి నిల్వ పెట్టుకోలేం. కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ 2009 మేలో ఆగి ఏడాదికి పైగా పనిచేయనప్పుడు ప్రపంచవ్యాప్తంగా స్కాన్లు వాయిదా పడ్డాయి. మనకు ముంబై ట్రాంబేలో భాభా అణు పరిశోధన కేంద్రం, నవీ ముంబైలో జనరేటర్లు సరఫరా చేసే బ్రిట్ సంస్థ ఉండటం తక్కువ బలం కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి, పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఉన్నాయి. జిల్లా స్థాయికి వచ్చేసరికి పరిస్థితి వేరు. పేదవాడికి దగ్గర్లో యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్ దొరికినంత తేలిగ్గా గామా కెమెరా దొరకదు, అందుకని అతని గుండె గురించి శాతమే మాట్లాడుతుంది. ఒక గామా కెమెరా గుండెకు మాత్రమే కాదు, థైరాయిడ్, ఎముకలు, మూత్రపిండాల పరీక్షలకూ పనికొస్తుంది. ప్రభుత్వ బోధనాసుపత్రిలో దాన్ని రోజంతా పనిలో ఉంచవచ్చు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు పరిమితి పెట్టినప్పుడు, మందు పూసిన స్టెంటు 29,600 రూపాయలకు దిగింది. ధర దిగింది గానీ, అవసరం నిరూపించే ఏర్పాటు దానితో పాటు రాలేదు. నిలకడగా ఉన్న రోగికి స్టెంటు ఖర్చు భరించే ఏ ఆరోగ్య పథకమైనా, మందులు ఎన్నాళ్లు వాడి చూశారో, కండరంలో లోటు ఏ పరీక్షలో తేలిందో రాసిన కాగితాన్ని దరఖాస్తుతో పాటు అడగాలి, ఆ పరీక్ష ఖర్చునూ తానే భరించాలి.